లొంగుబాటుకు ముందే అచ్చయిన కాగితాలు: పూర్ణా మార్కెట్ దగ్గరి స్టాంపుల దుకాణం

ప్యాకెట్ మీద పెద్ద అక్షరాలతో "1945: జపాన్ లొంగిపోయిన ఏడాది" అని ఉంటుంది. వెల 2,400 రూపాయలు. కాస్త బేరమాడితే 2,100కు ఇస్తారు. లోపల మలయా (ఇప్పటి మలేసియా ద్వీపకల్పం, సింగపూర్) తపాలా బిళ్ళలు ఆరు, బర్మావి నాలుగు, హాంకాంగ్‌ది ఒకటి. జపాన్ సైన్యం మలయాలోనూ బర్మాలోనూ చెలామణి చేసిన నోట్లు ఒక్కొక్కటి, తిరిగి వచ్చాక బ్రిటిష్ వాళ్ళు మలయాలో వాడిన ఒక డాలరు నోటు, డచ్చి వాళ్ళ ఒక గిల్డర్ నోటు. వీటన్నిటికీ కలిపి ఒక వివరణ అట్ట. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: కాగితాలు కొనదగినవి, అట్ట పారేయదగినది.

దుకాణం విశాఖపట్నం పూర్ణా మార్కెట్ నుంచి పాత పోస్టాఫీసు వైపు వెళ్ళే దారిలో, ఒక పాత్రల దుకాణం పైన, మేడ మీద. బోర్డు చిన్నది. కింద వేలాడదీసిన స్టీలు క్యారేజీలు చూస్తూ దాటిపోయే అవకాశమే ఎక్కువ. లోపల ఏసీ ఉంది. అది కొనడానికి వచ్చేవాళ్ళ కోసం కాదు, బిళ్ళల వెనక జిగురు కోసం. సముద్రపు గాలి తగిలే ఊళ్ళో వాడని స్టాంపులు దాచడం ఎంత కష్టమో దాచినవాళ్ళకే తెలుసు. వర్షాకాలం దాటేసరికి బిళ్ళ వెళ్ళి ఆల్బమ్ పేజీకి అతుక్కుపోతుంది. ఆ విషయంలో ఈ దుకాణం పెద్దాయనకు పూర్తి మార్కులు. ఆల్బమ్‌లన్నీ నిలబెట్టే ఉంచుతారు, ఒకదాని మీద ఒకటి పేర్చరు. ప్రతి డబ్బాలోనూ తేమ పీల్చే పొట్లాలు. పట్టకారు లేకుండా బిళ్ళ ముట్టుకోబోతే ఎంతటివాళ్ళనైనా మందలిస్తారు.

నేను ఖజానా శాఖలో పనిచేసి పదవీ విరమణ చేశాను. ఇండెంటు పెట్టిన నాటి నుంచి స్టాంపు కాగితం డబుల్ లాక్ గదిలోకి చేరేదాకా ఎన్ని సంతకాలు, ఎన్ని సీళ్ళు, ఎంత ఎదురుచూపు ఉంటుందో ఆ ఉద్యోగం నాకు నేర్పింది. అందుకే ప్రభుత్వం అచ్చు వేయించిన ఏ కాగితం చూసినా నాకు మొదట తట్టేది ఒకటే ప్రశ్న: దీనికి ఆర్డరు ఎప్పుడు పెట్టి ఉంటారు? ఈ ప్యాకెట్‌ను ఆ ప్రశ్నతో చూస్తే 1945 కథ తలకిందులవుతుంది. జపాన్ ఓడిపోయింది, పాత దొరలు తిరిగి వచ్చారు అని పాఠ్యపుస్తకం ఒక్క వాక్యంలో తేల్చేస్తుంది. వాళ్ళు రావడానికి ఎప్పటి నుంచి సామాను సర్దుకుంటున్నారో ఈ కాగితాలు చెబుతాయి.

మలయా బిళ్ళలతో మొదలుపెడదాం. బ్రిటన్ రాజు ఆరవ జార్జి తల, దాని చుట్టూ స్ట్రెయిట్స్ సెటిల్‌మెంట్స్ పేరు. అంటే సింగపూర్, పెనాంగ్, మలక్కా. దాని మీద తరవాత రెండు వరుసల్లో అదనంగా కొట్టిన "బి.ఎం.ఎ. మలయా" అనే పైముద్ర. బ్రిటిష్ మిలిటరీ అడ్మినిస్ట్రేషన్ అన్నమాట. దుకాణం వారి అట్ట మీద దీన్ని "బర్మా మిలిటరీ అడ్మినిస్ట్రేషన్" అని వేశారు. మలయా అని బిళ్ళ మీదే ఉండగా బర్మా ఎక్కడి నుంచి ఊడిపడిందో అర్థం కాదు. సింగపూర్‌లో మిత్రరాజ్యాల సేనాధిపతి మౌంట్‌బాటెన్ ఎదుట జపాన్ తరఫున జనరల్ ఇతగాకి లాంఛనంగా లొంగుబాటు పత్రం మీద సంతకం చేసింది 1945 సెప్టెంబర్ 12న. ఈ పైముద్ర బిళ్ళలు తపాలా కార్యాలయాల్లో అమ్మకానికి వచ్చింది అక్టోబర్ 19న. మధ్యలో ఉన్నవి అయిదు వారాలు. అంత త్వరగా స్టాంపు సరుకు కదిలిందంటే, ఎక్కడో ఒక ఫైలు అంతకు ఎంతో ముందే కదిలి ఉండాలి.

కదిలింది కూడా. లండన్‌లో కలోనియల్ ఆఫీసు 1943లోనే మలయా ప్లానింగ్ యూనిట్‌ను పెట్టింది. రాల్ఫ్ హోన్ అనే న్యాయాధికారికి మేజర్ జనరల్ హోదా ఇచ్చి దాని మీద కూర్చోబెట్టింది. దేశం ఇంకా జపాన్ గుప్పిట్లో ఉంది. అక్కడ అడుగుపెట్టాక పోలీసు వ్యవస్థ ఎలా ఉండాలి, ఏ డబ్బు చెల్లాలి, బియ్యం ఎలా పంచాలి అని లండన్‌లో కూర్చుని రాస్తున్నారు. అంతటితో ఆగారా? పాత పద్ధతిలో సుల్తానుల సంస్థానాలు వేరు, స్ట్రెయిట్స్ వేరు. ఈసారి సింగపూర్‌ను విడిగా ఉంచి మిగతా అంతటినీ ఒకే మలయన్ యూనియన్‌గా కలిపేద్దామని కూడా నిర్ణయించారు.

ఇక్కడ బిళ్ళను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూడాలి. యుద్ధానికి ముందు జొహోర్, కెడా, పెరాక్, సెలంగోర్ ఇలా ఏ సంస్థానం బిళ్ళ దానిదే. చాలావాటి మీద ఆ సుల్తాను బొమ్మే ఉండేది. 1945లో వచ్చిన ఈ బిళ్ళ ద్వీపకల్పం మొత్తానికీ ఒకటే. సుల్తాను లేడు, రాజు గారి తల ఒక్కటే ఉంది. యూనియన్ ఎలా ఉండబోతోందో బిళ్ళ ముందే చూపించేసింది. ఆ అక్టోబర్ నుంచే హెరాల్డ్ మెక్‌మైకెల్ అనే బ్రిటిష్ దూత ఒక్కో సుల్తాను దగ్గరికి వెళ్ళి యూనియన్‌కు ఒప్పుకుంటూ సంతకాలు చేయించుకున్నాడు. 1946 ఏప్రిల్ 1న యూనియన్ పుట్టింది. మలయులు భగ్గుమన్నారు, మే నెలలో అమ్నో పార్టీ వెలిసింది, 1948 ఫిబ్రవరి 1న యూనియన్‌ను ఎత్తేసి ఫెడరేషన్ పెట్టారు. యూనియన్ పేరుతో విజయోత్సవ బిళ్ళలు కూడా సిద్ధం చేసి, విడుదల చేయకుండానే వదిలేశారు. తరవాత సంస్థానాల పేర్లు, సుల్తానుల బొమ్మలు బిళ్ళల మీదికి తిరిగి వచ్చాయి. అట్ట మీద ఇదేమీ లేదు. "అరుదైన యుద్ధకాలపు స్టాంపులు" అని మాత్రం ఉంది. అరుదైనవేమీ కావు, చిన్న విలువల బిళ్ళలు విడిగా ఒక్కొక్కటి ముప్పై, నలభై రూపాయలకు ఇదే దుకాణంలో దొరుకుతాయి.

ఒక డాలరు నోటు ఇంకా తమాషాగా ఉంటుంది. దాని మీద తేదీ 1941 జూలై 1. జపాన్ సేనలు మలయా తీరాన కోటా బారు అనే చోట దిగింది అదే ఏడాది డిసెంబర్ 8న. ఈ నోట్లు ప్రజల చేతికి వచ్చింది మాత్రం 1945లో, బ్రిటిష్ వాళ్ళు తిరిగి వచ్చాకే. మధ్యలో మూడున్నరేళ్ళు జరగనే లేదన్నట్టు పాత తేదీతో కొత్త నోటు చేతికిచ్చారు. మా ఆఫీసులో పాత తేదీ వేసి బిల్లు పాస్ చేస్తే మెమో ఇచ్చేవారు.

పక్కనే జపాన్ వాళ్ళ పది డాలర్ల నోటు పెట్టి చూడండి. అరటి చెట్టు బొమ్మ ఉంటుంది. అందుకే అక్కడివాళ్ళు దాన్ని అరటి నోటు అనేవారు. నా ప్యాకెట్‌లో వచ్చిన నోటు మీద వరుస సంఖ్య లేదు, మలయాను సూచించే అక్షరం మొదట పెట్టి ఒక గుర్తు మాత్రమే ఉంది. లెక్క పెట్టే ఉద్దేశం లేని నోటు అది, ఎంత కావాలంటే అంత అచ్చు వేసుకోవచ్చు. బ్రిటిష్ సైనిక పాలన వస్తూనే ఈ నోట్లు చెల్లవని ప్రకటించింది. కూలి అందులోనే తీసుకుని, అందులోనే దాచుకున్నవాళ్ళ సంగతి ఏమిటి? ఆక్రమణ కాలంలో తీర్చిన అప్పులకు ఏ నెలలో ఎంత విలువ కట్టాలో తేల్చడానికి 1948లో ప్రత్యేకంగా ఒక శాసనం చేయవలసి వచ్చింది. పెట్టెలో నోట్లు మిగిలినవాడికి ఆ శాసనం వల్ల ఒరిగిందేమీ లేదు.

పెట్టె అనగానే బర్మా సంగతికి వస్తాను. ఈ ప్యాకెట్ నేను కొన్నది అందుకే. మా వైపు పెద్దవాళ్ళు రంగూన్‌ను రంగం అంటారు. విశాఖ, గోదావరి జిల్లాల నుంచి రేవు పనికి, రిక్షా లాగడానికి, బియ్యం మిల్లులకు రంగం వెళ్ళినవాళ్ళు వేలల్లో ఉన్నారు. మా అత్తగారు 1942లో పసిపిల్లగా తల్లి చంకనెక్కి అడవిదారిన ఇటు వచ్చారు. ఆమె మేనమామ అక్కడే ఉండిపోయాడు. యుద్ధం అయ్యాక ఆయన వచ్చినప్పుడు రేకు పెట్టె నిండా జపాన్ రూపాయలు తెచ్చాడట. బర్మాలోనూ అవి చెల్లవని అప్పటికే తేల్చేశారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, అయినా పారేయడానికి మనసొప్పలేదు. పిల్లలు దుకాణం ఆట ఆడుకోవడానికి వాడేశారు. కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపులో పెద్దవాళ్ళను కదిలిస్తే రంగం కథలు ఇంకా వినవచ్చు.

ప్యాకెట్‌లోని బర్మా బిళ్ళల్లో నాకు నచ్చింది మూడణాల బిళ్ళ. ఏనుగు టేకు దుంగను కదిలిస్తూ ఉంటుంది, పైన రాజు తల. దాని మీద సైనిక పాలన అని చెప్పే రెండు పొట్టి మాటల పైముద్ర. ఇంకో బిళ్ళ మీద వరి పొలం. టేకు, బియ్యం: బర్మాకు తిరిగి రావాలని తొందరపడ్డ బ్రిటిష్ కంపెనీలు ఏ సరుకు కోసం వస్తున్నాయో బిళ్ళలు దాచలేదు. ఈ పైముద్ర వేసింది మన నాసిక్ ముద్రణాలయంలో. మా ఖజానాకు స్టాంపు కాగితం వచ్చేదీ ఆ ఊరి నుంచే. బిళ్ళలు వాడుకలోకి వచ్చింది 1945 జూన్‌లో. జపాన్ లొంగిపోవడానికి ఇంకా రెండు నెలలు ఉంది. రంగూన్ మే 3న చేతికి వచ్చింది, మే 17న లండన్‌లో శ్వేతపత్రం వచ్చింది. గవర్నరే మూడేళ్ళ పాటు నేరుగా పాలిస్తాడని అందులో రాశారు. ఆ గవర్నర్ రెజినాల్డ్ డార్మన్-స్మిత్ 1942 నుంచీ సిమ్లాలో ఉన్నాడు. దేశం లేని ప్రభుత్వం, కొండ మీద ఆఫీసు, పునర్నిర్మాణం మీద ఫైళ్ళు. బర్మా నుంచి వచ్చేసిన లక్షల మంది భారతీయుల్లో ఎందరిని తిరిగి రానివ్వాలి అన్నదీ అప్పటి చర్చల్లో ఒకటి. మా అత్తగారి మేనమామ లాంటివాళ్ళను ఆ చర్చలోకి ఎవరూ పిలవలేదు.

బర్మా స్వాతంత్ర్య నాయకుడు ఆంగ్ సాన్ 1945 మార్చి 27నే జపాన్ మీద తిరగబడి, తన సైన్యంతో మైదానంలో ఉన్నాడు. శ్వేతపత్రం రాసినవాళ్ళు అతణ్ణి లెక్కలోకి సరిగ్గా తీసుకోలేదు. డార్మన్-స్మిత్ ఆ అక్టోబర్‌లో రంగూన్ చేరాడు, 1946లో అతణ్ణి తప్పించి హ్యూబర్ట్ రాన్స్‌ను పంపారు. మూడేళ్ళు పూర్తికాకుండానే, 1948 జనవరి 4న, బర్మా స్వతంత్రమైంది. 1947లో అదే రాజు బిళ్ళల మీద తాత్కాలిక ప్రభుత్వమని బర్మీస్ లిపిలో ముద్ర కొట్టారు. ఆ బిళ్ళ ఒక్కటి ఈ ప్యాకెట్‌లో పెట్టి ఉంటే కథ పూర్తయ్యేది. అడిగితే పెద్దాయన విడిగా ఎనభై రూపాయలకు ఇచ్చారు. మీరూ అడగండి.

దుకాణంలో నాకు నచ్చనిది ఒకటుంది, చెప్పాలి. గాజు బల్ల కింద రిజర్వ్ బ్యాంకు పది రూపాయల నోటు ఉంది. దాని మీద బర్మా సైనిక పాలన, బర్మాలో మాత్రమే చెల్లుతుంది అని పైముద్ర. అలాంటి నోట్లు 1945లో నిజంగానే వచ్చాయి. వెల చీటీ మీద 9,000. బయటికి తీయించి భూతద్దం కింద పెట్టాను. నోటు మధ్యలో మడత ఉంది. మడత దగ్గర కాగితం అరిగి పోగులు తెల్లగా లేచాయి. నోటు సొంత రంగు అక్కడ పోయింది. కానీ పైముద్ర సిరా ఆ తెల్లటి పోగుల మీద కూడా నిండుగా పట్టి ఉంది. అంటే నోటు అరిగిపోయిన తరవాతే ముద్ర పడింది. కొత్త నోటు మీద ప్రెస్సులో వేసిన ముద్ర అయితే నోటుతో పాటే అరిగేది. "ఏమండీ, ఇది చూశారా?" అని చూపించాను. పెద్దాయన అద్దాలు మార్చుకుని చూసి, "మద్రాసు లాటులో వచ్చిందమ్మా, నేనూ కొన్నదే" అన్నారు. మళ్ళీ వెళ్ళినప్పుడు అది బల్ల కింద లేదు. లోపల పెట్టేశారో, ఎవరికైనా అమ్మేశారో నేను అడగలేదు. ఈ దుకాణంలో బిళ్ళలు ధైర్యంగా కొనండి, వేలల్లో వెల ఉన్న పైముద్ర నోట్లు మాత్రం భూతద్దం లేకుండా కొనవద్దు.

గిల్డర్ నోటు దగ్గర అట్ట మళ్ళీ బోల్తా పడింది. "జపాన్ లొంగిపోయాక డచ్చి వారు ముద్రించిన నోటు" అని వేశారు. నోటు మీద తేదీ 1943 మార్చి 2 అని స్పష్టంగా ఉంది. రాణి విల్హెల్మినా బొమ్మ ఉంది. నోటు అచ్చు వేసింది అమెరికాలోని అమెరికన్ బ్యాంక్ నోట్ కంపెనీ. ఆ తేదీనాటికి రాణి లండన్‌లో ప్రవాసంలో ఉంది. నెదర్లాండ్స్ జర్మనీ చేతిలో, డచ్చి వాళ్ళ వలస ఇండీస్ (ఇప్పటి ఇండోనేషియా) జపాన్ చేతిలో ఉన్నాయి. ఇల్లు చేతిలో లేకుండానే అద్దె రసీదు పుస్తకం అచ్చు వేయించుకున్నట్టు ఉంది వ్యవహారం. 1944లో ఆస్ట్రేలియాలో నికా అనే పాలనా యంత్రాంగాన్ని కూడా సిద్ధం చేశారు, వాన్ మూక్ దాని పెద్ద. తీరా జపాన్ లొంగిపోయిన రెండు రోజులకే, 1945 ఆగస్టు 17న, అక్కడి నాయకులు సుకర్ణో, హట్టా ఇండోనేషియా రిపబ్లిక్‌గా స్వాతంత్ర్యం ప్రకటించేశారు. రాణి బొమ్మ నోటు చెల్లదని అక్టోబర్‌లో రిపబ్లిక్ చాటింది, మరుసటి ఏడాది సొంత నోట్లు విడుదల చేసింది. మధ్యలో నలిగింది మనవాళ్ళు. డచ్చి వాళ్ళ దగ్గర సైన్యం లేక బ్రిటిష్ వాళ్ళు భారత సిపాయిలను దించారు. జావాలోని సురబాయా నగరంలో అక్టోబర్ 30న బ్రిటిష్ బ్రిగేడియర్ మాలబీ హతుడయ్యాడు. నవంబర్ 10న ఆ నగరం మీద దాడి మొదలైంది. స్వాతంత్ర్యం అడిగినవాళ్ళ మీదికి స్వాతంత్ర్యం కోసం ఎదురుచూస్తున్న దేశపు సిపాయిలను పంపడమేమిటని నెహ్రూ అప్పుడే నిలదీశారు. డచ్చి వాళ్ళు సార్వభౌమాధికారం వదులుకున్నది 1949 డిసెంబర్ 27న.

అట్టలోని తప్పులు చీటీ మీద రాసి ఇచ్చాను. కొత్తది వేయిస్తామన్నారు. పాతవి కట్టలు కట్టలుగా మిగిలాయట, అవి అయ్యాకే.

హాంకాంగ్ బిళ్ళ ఈ ప్యాకెట్‌కు తలమానికం. ముప్పై సెంట్ల బిళ్ళ. మంటల్లోంచి ఫీనిక్స్ పక్షి లేస్తూ ఉంటుంది, 1941, 1945 అని రెండు ఏళ్ళు. విడుదలైంది 1946 ఆగస్టు 29న. దీనికి రూపం వచ్చింది మాత్రం హాంకాంగ్‌లోనే స్టాన్లీ అనే చోట ఉన్న జపాన్ నిర్బంధ శిబిరంలో. పోస్ట్‌మాస్టర్ జనరల్ విన్-జోన్స్ అక్కడ ఖైదీగా ఉండగా ఈ ఊహ చేశాడు, మరో ఖైదీ దాన్ని గీశాడు. అర్ధాకలితో ఉన్న మనుషులు, విడుదల ఎప్పుడో తెలియనివాళ్ళు, విజయోత్సవ బిళ్ళ ఎలా ఉండాలో ఆలోచించారంటే ఉద్యోగ ధర్మం అనాలో, సామ్రాజ్యపు మొండితనం అనాలో నాకు తెలియదు. ఆ పోస్ట్‌మాస్టర్ మీద మాత్రం ఒకింత గౌరవం కలిగింది. అదే శిబిరంలో ఉన్న కలోనియల్ సెక్రటరీ ఫ్రాంక్లిన్ గిమ్సన్, జపాన్ లొంగిపోయిందని తెలియగానే ఎవరి ఆజ్ఞ కోసమూ ఆగకుండా తానే ప్రభుత్వం అని నిలబడ్డాడు. లండన్‌లో మెక్‌డూగల్ నాయకత్వాన హాంకాంగ్ ప్లానింగ్ యూనిట్ వేరే ఉంది. చైనా నాయకుడు చియాంగ్ కై-షేక్ మనుషులు వచ్చేలోపు బ్రిటిష్ జెండా ఎగరాలన్నది ఇద్దరి తొందరా. 1945 ఆగస్టు 30న బ్రిటిష్ అడ్మిరల్ హార్కోర్ట్ నౌకలు రేవులోకి వచ్చాయి. ఈ మొత్తం పట్టికలో అనుకున్న పని అనుకున్నట్టు నిలిచింది ఇక్కడే; 1997 దాకా.

ప్యాకెట్‌లో లోటు వియత్నాంలోని సైగాన్. 1945 సెప్టెంబర్‌లో బ్రిటిష్ జనరల్ గ్రేసీ వెంట మన 20వ డివిజన్ అక్కడ దిగింది. లొంగిపోయిన జపాన్ సైనికులను కూడా కాపలాకు వాడుకుంటూ, చెరసాలల్లోంచి వదిలిన ఫ్రెంచి సైనికులకు తుపాకులిచ్చి నగరం అప్పగించిన వ్యవహారం అది. దానికి సంబంధించి ఒక్క ముక్కా లేదు. అడిగితే పెద్దాయన మరో ఆల్బమ్ తీసి, 1954లో అక్కడి కాల్పుల విరమణను పర్యవేక్షించే అంతర్జాతీయ కమిషన్ కోసం మన ప్రభుత్వం వియత్నాం అని పైముద్ర వేసిన భారతీయ బిళ్ళ చూపించారు. కాలం వేరు, కానీ ఫ్రెంచి వాళ్ళ పునరాగమనం ఎలా ముగిసిందో తెలియడానికి అదీ పనికొస్తుంది. అరవై రూపాయలు.

ప్యాకెట్‌లో వచ్చే ప్లాస్టిక్ తొడుగులు ఘాటుగా వాసన వేస్తాయి. అవి మన ఎండకు కాగితాన్ని పట్టేస్తాయి. ఇంటికి రాగానే మార్చేయండి. బిల్లు అడిగితేనే ఇస్తారు, కాబట్టి అడగండి. మొత్తం కొనే ఉద్దేశం లేకపోతే హాంకాంగ్ బిళ్ళ, ఏనుగు బిళ్ళ, అరటి నోటు విడిగా తీసుకోండి, అయిదారు వందల్లో పని అవుతుంది. ఆదివారం సెలవు. మెట్లు నిటారుగా ఉంటాయి, పట్టుకోవడానికి ఒక వైపే కమ్మీ ఉంది. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు కింద పాత్రల దుకాణంలో చెబితే కుర్రాడు ఆల్బమ్ కిందికే తెస్తాడు. భూతద్దం మాత్రం తేడు, మీది మీరు తీసుకెళ్ళండి.